మందుకి మందు: నలభై దగ్గర పడ్డాక నేను చదివిన చదువు

(మా ఊరి తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో, ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

పక్క గదిలో పులిహోర వడ్డిస్తున్నారని తెలిసి కూడా ఇక్కడ కూర్చున్నారంటే మీ ఓపికకి ముందుగా ఒక దండం. నాకు ముందు మాట్లాడిన గుండె డాక్టరుగారి ఉపన్యాసానికి హాలు నిండిపోయింది. గుండె గురించి వినడానికి ఎవరికీ మొహమాటం ఉండదు. నా విషయం ఏమిటో ప్రకటించగానే వెనక వరసల్లో ఓ పదిమందికి ఒకేసారి ఫోన్లు వచ్చాయి, బయటికి వెళ్ళారు. వాళ్ళ మీద నాకేం కోపం లేదు. పన్నెండేళ్ళ క్రితమైతే వాళ్ళకంటే ముందు నేనే వెళ్ళేవాణ్ణి.

నేను డాక్టర్ని కాను. కాకినాడలో ఇంజనీరింగ్ చదివి, 2003లో న్యూజెర్సీ వచ్చి, ఇన్సూరెన్స్ కంపెనీలకి సాఫ్ట్‌వేర్ రాసుకుంటున్నవాణ్ణి. ఇప్పటికీ పగలు చేసే పని అదే. వారానికి రెండు సాయంత్రాలు, శనివారం పొద్దున మాత్రం ఒక క్లినిక్‌లో కూర్చుంటాను. మద్యంతోటీ, ఇతర మత్తు పదార్థాలతోటీ ఇబ్బంది పడుతున్నవాళ్ళకి కౌన్సిలింగ్ చేస్తాను, పైన ఒక సూపర్‌వైజరు చూస్తూ ఉండగా. దానికోసం ఐదేళ్ళు కూర్చుని మాస్టర్స్ చదివాను. "నీకీ చదువెందుకురా ఈ వయసులో?" అని అడగని చుట్టం లేడు. కాబట్టి ముందు అదే చెప్పేస్తాను.

2014 వేసవి. ఇంజనీరింగులో నా రూమ్మేటు, ఇక్కడ మా ఇంటికి రెండు మైళ్ళ దూరంలో ఉండేవాడు. ఈ కథ వాడి అనుమతితోనే చెబుతున్నాను. "పేరు తప్ప అన్నీ చెప్పుకో" అన్నాడు. భార్యా పిల్లలూ సెలవులకి ఇండియా వెళ్ళారు. ఒక శుక్రవారం రాత్రి నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, ఇది నా చేతుల్లో లేదురా, నువ్వే ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు. నేను ఉత్సాహంగా వెళ్ళాను. బేస్‌మెంట్లో ఉన్న సీసాలన్నీ సింకులో పారబోశాను. "ఈ వారాంతం నేను నీతోనే ఉంటాను, సోమవారానికి నువ్వు కొత్త మనిషివి" అన్నాను. మన ఇంజనీర్లకి ఏ సమస్యైనా వారాంతంలో తేలిపోవాలి కదా.

శనివారం వాడికి చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. నిమ్మరసం ఇచ్చాను. పలచటి మజ్జిగ ఇచ్చాను. "తట్టుకో, ఇది మనోబలం పరీక్ష" అని ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి కాఫీ కలుపుతూ వంటింట్లో నిలువునా పడిపోయి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ఫిట్స్. 911కి ఫోన్ చేస్తే ఐదారు నిమిషాల్లో వచ్చారు. ఆ ఐదారు నిమిషాలు నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

ఎమర్జెన్సీలో డాక్టరమ్మ అడిగింది, "ఇంత ఎక్కువ తాగే మనిషిని ఒక్కసారిగా ఆపెయ్యమని ఎవరు చెప్పారు?" అని. నేనే అన్నాను. ఆవిడ తిట్టలేదు. కుర్చీ చూపించి కూర్చోబెట్టి చెప్పింది. రోజూ బాగా ఎక్కువ తాగేవాళ్ళలో మెదడు ఆ మద్యానికి సర్దుకుని ఉంటుంది. అది హఠాత్తుగా ఆగిపోతే ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో లేనివి కనిపించడం, మతి తప్పడం, జ్వరం రావచ్చు. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, ప్రాణం పోవచ్చు. అందుకే ఆస్పత్రిలో పెట్టి, మందులిచ్చి, వాటిని కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వస్తారు. థయమిన్ అనే బి1 విటమిన్ ఎక్కిస్తారు. నా మజ్జిగలో ఇవేమీ లేవు.

వాణ్ణి ఐదు రోజులుంచుకుని పంపించారు. మేమిద్దరం కలిసి ఆఫీసుకీ, స్నేహితులకీ వైరల్ ఫీవరని చెప్పాం. ఆ తర్వాత ఏం చెయ్యాలో కాగితం ఇచ్చారు, అది వాడి కారు డాష్‌బోర్డులోనే ఉండిపోయింది. మూడు నెలల్లో వాడు మళ్ళీ మొదలుపెట్టాడు. నాతో మాట్లాడడం తగ్గించాడు, తర్వాత ఉద్యోగం మారి వేరే రాష్ట్రం వెళ్ళిపోయాడు.

ఈ రోజు మీరు నా దగ్గర్నుంచి ఒక్క ముక్కే తీసుకెళ్ళేటట్టయితే అది ఇదే: పొద్దున లేవగానే చేతులు వణికేవాణ్ణి, ఆ వణుకు తగ్గడానికి తాగేవాణ్ణి, ఇంట్లో పెట్టి తలుపు గడియ వెయ్యకండి. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

నా వయసువాళ్ళకి గుర్తుండే ఉంటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. ఆ ఉద్యమంతో 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో రామారావుగారు సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు, 1997లో సడలించారు. ఆ రెండేళ్ళూ నేను కాకినాడలోనే ఉన్నాను. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది, అక్కడ నిషేధం లేదు. యానాం బస్సులు ఎందుకు కిటకిటలాడేవో మా వీధిలో చిన్నపిల్లాడు కూడా చెప్పేవాడు. నేను ఆ ఉద్యమాన్ని తక్కువ చెయ్యడం లేదు. ఆ తల్లులు అడిగింది న్యాయం. కానీ కొట్టు మూశాక చేతులు వణికేవాణ్ణి ఎవరి దగ్గరికి తీసుకెళ్ళాలో మా వీధిలో ఎవరికీ తెలియదు. పంతొమ్మిదేళ్ళ తర్వాత, అమెరికాలో, డిగ్రీ చదివిన నాకూ తెలియదు. ఆ సిగ్గుతోనే 2016లో కాలేజీలో చేరాను.

మా ఆవిడ మొదట నవ్వింది. తర్వాత ఫీజు ఎంతో అడిగింది. నవ్వడం మానేసింది.

చదువు సంగతి కొంచెం చెబుతాను, ఇక్కడ ఎవరికైనా ఆసక్తి ఉండొచ్చు. అడిక్షన్ కౌన్సిలింగ్‌లో మాస్టర్స్ అంటే మంచి గుర్తింపున్న కోర్సులు 60 క్రెడిట్లు ఉంటాయి. సైకాలజీ డిగ్రీ లేకపోయినా చాలాచోట్ల తీసుకుంటారు, కొన్ని ముందస్తు కోర్సులు చెయ్యమంటారు. మందులు మెదడు మీద ఎలా పనిచేస్తాయి, కౌన్సిలింగ్ సిద్ధాంతాలు, గ్రూపులు నడపడం, కుటుంబాలతో పని, వృత్తి నియమాలు, స్టాటిస్టిక్స్. స్టాటిస్టిక్స్‌లో మాత్రం క్లాసంతా నా చుట్టూ తిరిగింది, ఆ ఒక్క సెమిస్టరే. తర్వాత 100 గంటల ప్రాక్టికం, 600 గంటల ఇంటర్న్‌షిప్. డిగ్రీ వచ్చాక లైసెన్సు కోసం ఇంకా వేల గంటలు పర్యవేక్షణలో పనిచెయ్యాలి, రాష్ట్రాన్ని బట్టి ఆ లెక్క మారుతుంది. నాకింకా సగం కాలేదు. హెచ్-1 మీద ఉన్నవాళ్ళు చదువుకోవచ్చు గానీ, ఇంటర్న్‌షిప్ సంగతి ముందు లాయర్ని అడిగి మొదలుపెట్టండి.

మొదటి రోజు క్లాసులో పరిచయాలు. నేను లేచి నా కంపెనీ పేరు, నా అనుభవం ఎన్నేళ్ళో చెప్పాను. నా పక్కనున్న ఆయన లేచి, "నేను తాగడం మానేసి పదకొండేళ్ళు" అన్నాడు. ఆ వెనకావిడ, "హెరాయిన్ మానేసి ఆరేళ్ళు" అంది. ఎవరూ తలదించుకోలేదు. మన సభల్లో మనం గ్రీన్ కార్డు వచ్చి ఎన్నేళ్ళయిందో చెప్పుకున్నట్టు చెప్పుకున్నారు.

రెండో నెలలో ఒక హోమ్‌వర్కు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పది ప్రశ్నల పరీక్ష ఒకటుంది, ఆడిట్ అంటారు. దాన్ని ముందు ఎవరికి వాళ్ళే వేసుకోమన్నారు. నాకు 5 వచ్చింది. 8 నుంచి జాగ్రత్తపడాలి. బల్ల మీద పెట్టి గర్వంగా స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి మా ఆవిడ రెండో ప్రశ్నకీ మూడో ప్రశ్నకీ నా జవాబులు కొట్టేసి వేరేవి రాసి ఉంచింది. మొత్తం 9. "నీ రెండు పెగ్గులు ఎంతో ఎప్పుడైనా కొలిచావా?" అంది. వంటింటి కొలగ్లాసు తెచ్చి నా చేత్తో నేనే నీళ్ళు పోసి కొలిచాను. అమెరికా లెక్కలో ఒక డ్రింకంటే 14 గ్రాముల ఆల్కహాలు, అంటే విస్కీ అయితే 44 మిల్లీలీటర్లు. నా రెండు పెగ్గులు 220 వచ్చాయి. అంటే ఐదు డ్రింకులు. ఇదేం మాయ కాదు, మన చేతివాటం. కాస్ట్‌కోలో దొరికే 1.75 లీటర్ల పెద్ద సీసాలో దాదాపు 39 డ్రింకులుంటాయి. నలుగురు స్నేహితులు "ఏదో కొంచెం" తీసుకుని ఒక సీసా ఖాళీ చేస్తే తలా పది దగ్గర పడుతుంది. ఇంటికెళ్ళి ఒక్కసారి కొలిచి చూడండి. నేను చెప్పేది నమ్మొద్దు, కొలగ్లాసుని నమ్మండి.

ఇంకో సెమిస్టర్లో ఆల్కహాలిక్స్ ఎనానిమస్ వారి సమావేశాలకి వెళ్ళి రమ్మన్నారు. 1935లో ఒహాయోలోని ఏక్రన్‌లో మొదలైన సంస్థ అది. బయటివాళ్ళు కూడా కూర్చోదగ్గ సమావేశాలని ఓపెన్ మీటింగులంటారు. మా ఊళ్ళో అది జరిగే చర్చి సరిగ్గా ఇండియన్ గ్రోసరీ ఎదురుగా ఉంది. తెలుగువాళ్ళెవరైనా చూస్తారని కారు రెండు వీధుల అవతల పెట్టి, టోపీ పెట్టుకుని నడిచి వెళ్ళాను. విద్యార్థిగా వెళ్ళిన నాకే అంత భయమైతే, నిజంగా అవసరమై వెళ్ళేవాడి సంగతి? నేను ఆ రోజు రాసిన రిపోర్టులో సమావేశం గురించి ఒక పేజీ, పార్కింగు గురించి మూడు పేజీలు ఉన్నాయి. మా ప్రొఫెసరు ఆ మూడు పేజీలకే మంచి మార్కులు వేశారు.

అసలు దెబ్బ తగిలింది ప్రాక్టికంలో. తోటి విద్యార్థిని క్లయింటుగా కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు మాట్లాడి, రికార్డు చేసి, అక్షరం పొల్లుపోకుండా రాసి తెమ్మన్నారు. రాశాక లెక్కపెట్టమన్నారు. నేను 31 ప్రశ్నలు అడిగాను. అందులో 26 అవును, కాదు ప్రశ్నలు. పదకొండుసార్లు సలహా ఇచ్చాను. క్లయింటు మాటలకంటే నా మాటలే ఎక్కువ. ప్రొఫెసరు చదివి, "నువ్వు ఈ మనిషిలో బగ్ వెతుకుతున్నావు" అన్నారు.

విలియం మిల్లర్ అనే సైకాలజిస్టు 1983లో ఒక వ్యాసం రాశారు, తర్వాత 1991లో స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి పుస్తకం రాశారు. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటారు ఆ పద్ధతిని. దాని సారం నాకు అర్థమైనంతలో చెబుతాను. తాగే మనిషిలో ఎప్పుడూ ఇద్దరుంటారు, మానాలనుకునేవాడూ, వద్దనుకునేవాడూ. మీరు మానాలి అన్నవైపు వాదిస్తే, అతనికి మిగిలేది రెండో వైపే. తన నోటితో తానే ఎందుకు మానక్కర్లేదో చెప్పుకుంటూ పోతాడు. సరిదిద్దాలని మనకి దురద పుడుతుంది చూడండి, దాన్ని ఆపుకోవడమే ఈ చదువులో సగం. ఇరవయ్యేళ్ళుగా నాకు జీతమిచ్చింది ఆ దురదకే.

ఇప్పుడొక సంభాషణ చెబుతాను. ఇది ఒకరిది కాదు, ఆనవాళ్ళు మార్చి ఇద్దరు ముగ్గురిని కలిపి చెబుతున్నాను.

"నాకేం ప్రాబ్లమ్ లేదండీ. మా ఆవిడే ఊరికే గోల చేస్తుంది."

పాత నేనైతే వెంటనే, "మరి మీ లివర్ రిపోర్టు సంగతి?" అనేవాణ్ణి. ఆయన రిపోర్టు మీద వాదన పెట్టుకునేవాడు. ఇప్పుడు ఇంతే అంటాను: "మీకు ఇబ్బందిగా ఏమీ లేదు, ఇంట్లో గొడవే చిరాగ్గా ఉంది."

"చిరాకని కాదు సార్..." అని ఆగాడు. నేను మాట్లాడలేదు. కాసేపయ్యాక, "మా పాప నాతో కారెక్కనంటోంది" అన్నాడు.

అంతకుముందు ఆరు వారాలు ఆయన ఇంగ్లీషులో వేరే కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళాడు. ఆ కౌన్సిలర్ చాలా మంచి మనిషి, నాకంటే ఎంతో అనుభవం ఉన్నవాడు. కానీ ఆరు వారాలూ ఈయన "ఫైన్, ఫైన్" అనే చెప్పాడు. ఆఫీసులో స్టేటస్ రిపోర్టు ఇచ్చే భాష అది. పాప కారెక్కనన్న సంగతి ఆ భాషలో రాదు.

అలాగని మన తెలుగు కూడా ఈ విషయంలో ఏమంత దయగల భాష కాదు. తాగేవాడికి మన దగ్గరున్న పేరు తాగుబోతు. దానికంటే మర్యాదగా చెప్పాలంటే "ఆయనకి అలవాటుంది" అంటాం, ఏదో కాఫీ అలవాటున్నట్టు. వ్యసనం అందామంటే సప్తవ్యసనాల్లో జూదం పక్కన కూర్చోబెడతాం. తిట్టు, దాపరికం, పాపం, ఈ మూడే ఉన్నాయి. జబ్బు అనే మాట వీటిలో లేదు. ఇంగ్లీషులో కూడా ఈ వృత్తిలోవాళ్ళు పేర్లు మార్చుకున్నారు, 2013 నుంచి ఆల్కహాల్ యూజ్ డిజార్డర్ అంటున్నారు, అందులో తక్కువ, మధ్యస్థం, తీవ్రం అని మెట్లు పెట్టారు. నేను క్లినిక్‌లో "మద్యంతో ఇబ్బంది" అంటాను. ఇంకా మంచి మాట మీలో కవులెవరైనా చెబితే వాడుకుంటాను.

మందు అనే మాట సంగతి సరే సరి. మనకి రోగమూ మందే, దానికి ఇచ్చేదీ మందే. ఈ రెండో మందు గురించి మనవాళ్ళకి తెలిసింది చాలా తక్కువ. మన ఊళ్ళలో గోడల మీద, "తాగేవారికి తెలియకుండా అన్నంలో కలిపి మాన్పించబడును" అని రాసి ఉండేది చూశారు కదా. ఇండియా నుంచి వచ్చేటప్పుడు ఆ పొడి తెచ్చిపెట్టగలనా అని నన్ను ముగ్గురు అడిగారు. దయచేసి ఆ పని చెయ్యకండి. ఆ పొడుల్లో ఏముందో పొట్లం మీద ఉండదు. ఒకవేళ డైసల్ఫిరామ్ లాంటిదైతే, అది వేసుకున్న మనిషి తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, రక్తపోటు పడిపోయి, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అది డాక్టరు చూస్తుండగా, మనిషికి తెలిసి వేసుకోవలసిన మందు. ఇంకోటి నాల్ట్రెక్సోన్, అమెరికాలో మద్యం సమస్యకి 1994లోనే ఆమోదం పొందింది. తాగాలన్న కోరికనీ, తాగితే వచ్చే మజానీ తగ్గిస్తుంది. మీ ఫ్యామిలీ డాక్టరే రాయవచ్చు. నల్లమందు జాతి నొప్పిమాత్రలు వాడేవాళ్ళు మాత్రం వేసుకోకూడదు. షుగరుకీ బీపీకీ రోజూ పిడికెడు మాత్రలు మింగే మనం, దీనికి మాత్రం మనోబలం సరిపోవాలంటాం.

ఇక అందరూ అడిగేది, "నలుగురికీ తెలిస్తే?" అని. ఈ దేశంలో 42 సి.ఎఫ్.ఆర్. పార్ట్ 2 అనే నియమావళి ఉంది, 1970లలో వచ్చింది. ఈ చికిత్స రికార్డులని మామూలు వైద్య రికార్డులకంటే గట్టిగా కాపాడుతుంది. మీరు సంతకం చెయ్యకుండా మీ ఆఫీసుకి గానీ, మీ బావమరిదికి గానీ చెప్పకూడదు. ప్రాణాపాయం, కోర్టు ఉత్తర్వు, పిల్లల హింస లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. ఏభైమందికి పైన పనిచేసే కంపెనీలో ఏడాది నిండిన ఉద్యోగికి చికిత్స కోసం పన్నెండు వారాల వరకు జీతం లేని సెలవు హక్కుగా దొరుకుతుంది. 2014లో ఇవి తెలిసుంటే మేం వైరల్ ఫీవరని చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నా అసలు అభ్యర్థన. నేను లైసెన్సు తెచ్చుకున్నా ఈ హాల్లో ఉన్నవాళ్ళకి ఎవరికీ పనికిరాను. ఇది వినయం కాదు, నియమం. తెలిసినవాళ్ళకి, స్నేహితులకి, చుట్టాలకి కౌన్సిలింగ్ చెయ్యకూడదు. మీ అబ్బాయీ మా అబ్బాయీ ఒకే కర్ణాటక సంగీతం క్లాసుకి వెళుతుంటే నేను మీకు పనికిరాను. మన ఊరి తెలుగువాళ్ళలో నాకు తెలియనివాళ్ళెవరు? ఆన్‌లైన్లో చూద్దామంటే, క్లయింటు ఏ రాష్ట్రంలో కూర్చుంటే ఆ రాష్ట్రంలో మనకి అర్హత ఉండాలి. కాబట్టి ఎడిసన్‌వాణ్ణి చూడడానికి చెర్రీ హిల్‌లో ఒకరు, చెర్రీ హిల్‌వాళ్ళని చూడడానికి పార్సిపనీలో ఒకరు కావాలి. ఒక్క తెలుగు కౌన్సిలర్ ఉండడం కంటే ఐదుగురు ఉండడం ఐదు రెట్లు మేలు కాదు, ఎన్నో రెట్లు మేలు. డాక్టర్లు మనకి కావలసినంతమంది ఉన్నారు. వారానికి ఒక గంట తెలుగులో ఊరికే కూర్చుని వినేవాళ్ళు లేరు. పిల్లలు కాలేజీకి వెళ్ళిపోయి ఇల్లు బోసిపోయిందనే అమ్మలు, కోడు రాసి విసిగిపోయిన నాలాంటివాళ్ళు, హెచ్-4 మీద ఏళ్ళ తరబడి ఇంట్లో ఉన్న చదువుకున్న ఆడపిల్లలు, మీలో ఒక్కరు చేరినా చాలు.

నా రూమ్మేటు పోయినేడాది ఫోన్ చేశాడు. మానేసి రెండేళ్ళయిందట. మధ్యలో రెండుసార్లు జారిపడ్డాడట. నా వల్ల కాదు. వాళ్ళ ఊళ్ళో ఒక గ్రూపు, ఒక డాక్టరు, నెలకో ఇంజెక్షను, అన్నిటికంటే వాళ్ళావిడ ఓపిక. నేను చదివిన చదువు వాడికి ఒక్క గంట కూడా ఉపయోగపడలేదు. గంటసేపు మాట్లాడుకున్నాం. నేను ప్రశ్నలు తక్కువే అడిగాను. చివర్లో వాడే అన్నాడు, "నీ మజ్జిగ మాత్రం దరిద్రంగా ఉందిరా" అని.

భోజనాలయ్యాక చీరల స్టాలు పక్కన మూడో బల్ల దగ్గర నేనుంటాను. కోర్సుల వివరాలు, ఆడిట్ ప్రశ్నలు తెలుగులో రాసిన కాగితాలు ఉన్నాయి. ఆ బల్ల దగ్గర నిలబడితే ఎవరేమనుకుంటారోనని అనుమానమైతే, చదువు గురించి అడగడానికి వచ్చామని చెప్పండి. నేనూ అలాగే చెబుతాను.